కాంక్రీటు వాకిలికి ఆ గీతలెందుకు?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి ఒక కొత్త శనివారం పని తగుల్తుంది. గరాజు ముందున్న కాంక్రీటు డ్రైవ్‌వే సందుల్లోంచి గడ్డి మొలుస్తుంటుంది. చీమలు మట్టి తోడి పోస్తుంటాయి. పక్కింటాయన మోకాళ్ళ మీద కూర్చుని గన్నుతో ఏదో బూడిదరంగు జిగురు పోస్తుంటే చూసి, మనమూ కొట్టుకెళ్ళి నాలుగు గొట్టాలు పట్టుకొస్తాం. ఎందుకండీ ఇదంతా అంటే "నీళ్ళు పోకుండా" అంటారు. అంతకుమించి ఇంకో ప్రశ్న అడిగితే సమాధానం ఉండదు. మేస్త్రీ పనిగట్టుకుని సందు పెట్టడమేంటి, మనం పనిగట్టుకుని దాన్ని పూడ్చడమేంటి?

ఈ సందు వెనక నూట ముప్పై ఏళ్ళ కథ ఉంది. అందులో ఇంజినీర్లు కనీసం మూడుసార్లు మాట మార్చారు. ఒక రాష్ట్రమైతే "ఇక పూడ్చం పొమ్మ"ని పని మానేసింది కూడా. ఆ కథ తెలిస్తే మన ఇంటి ముందు ఏ సందుకి డబ్బు పెట్టాలో, ఏ సందుని వదిలేయొచ్చో తెలుస్తుంది.

ముందుగా పేరు సంగతి. మనం అన్నిటినీ కలిపి ఎక్స్‌పాన్షన్ జాయింట్లు అంటాం. నిజానికి డ్రైవ్‌వే మీద కనిపించే గీతల్లో చాలా వాటికి వ్యాకోచంతో సంబంధం లేదు. అవి సంకోచం కోసం పెట్టినవి. చెరువు ఎండితే నేల నెర్రెలు విచ్చడం చూశాం కదా, కాంక్రీటుదీ అదే జబ్బు. సిమెంటు గట్టిపడ్డానికి కావలసినదానికన్నా ఎక్కువ నీళ్ళే పోస్తాం, లేకపోతే పని సాగదు. ఆ మిగులు నీరు నెలల తరబడి ఆరిపోతూ ఉంటే పలక ముడుచుకుంటుంది, సుమారుగా మీటరుకి అర మిల్లీమీటరు. కింద నేల దాన్ని పట్టుకుని కదలనివ్వదు. నొక్కితే ఎంత బరువైనా మోసే కాంక్రీటు, లాగితే అందులో పదో వంతు బలానికే తెగుతుంది. ఫలితం బీట.

రెండోది ఎండ. పాత రోజుల్లో బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేటప్పుడు దాన్ని కాల్చి, వేడి మీద తొడిగి, నీళ్ళు కొట్టేవాళ్ళు. చల్లారగానే బిగుసుకునేది. కాంక్రీటు కూడా దాదాపు ఇనుములాగే సాగుతుంది. 30 మీటర్ల పలకకి చలికాలం పొద్దుటికీ ఎండాకాలం మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా ఉందనుకుంటే, దాని పొడవులో తేడా 12 మిల్లీమీటర్లు. చూడ్డానికి చిన్నదే. కానీ అటు గోడా ఇటు రోడ్డూ ఉన్నప్పుడు ఆ 12 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి?

సరే, కథలోకి వద్దాం. అమెరికాలో మొదటి కాంక్రీటు వీధి ఒహాయో రాష్ట్రంలో బెల్‌ఫౌంటెన్ అనే చిన్న ఊళ్ళో వచ్చింది. జార్జ్ బార్తొలొమ్యూ అనే ఆయన 1891లో మెయిన్ స్ట్రీట్ పక్కన ఎనిమిది అడుగుల వెడల్పున ఒక పట్టీ వేసి చూపించాడు. అది నిలబడింది. 1893లో కోర్టు చుట్టూ వీధులు వేస్తానన్నాడు. ఊరి కౌన్సిల్ వాళ్ళు ఊరికే నమ్మలేదు, అయిదేళ్ళ పూచీకి 5,000 డాలర్ల బాండు పెట్టమన్నారు. పెట్టాడు. (ఈ కాలంలో అయిదేళ్ళ వారంటీకి సొంత డబ్బు పూచీ పెట్టే వెండర్ ఎవరైనా ఉన్నారా? :)) ఆ కోర్ట్ అవెన్యూ వందేళ్ళ తర్వాత కూడా వాడుకలో ఉంది.

అంతకాలం ఎలా ఉంది? కారణాల్లో ఒకటి, ఆయన కాంక్రీటుని అయిదడుగుల చదరాల్లో పోయించాడు. ప్రతి చదరానికీ నాలుగు పక్కలా సందు. అయిదడుగుల పలక ముడుచుకున్నా ఎంత ముడుచుకుంటుంది? బీట వారాల్సినంత లాగుడే దాంట్లో పుట్టదు. అప్పటికి సంకోచం లెక్కలెవరూ వేయలేదు. చేత్తో కలిపి పోసేవాళ్ళకి చిన్న చదరం అయితే వీలు, అంతే. పద్ధతి వీలు కోసం వచ్చింది, లాభం మాత్రం వేరే చోట దొరికింది.

తర్వాత కార్లొచ్చాయి. 1909లో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూలో ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేశారు, ఊరి బయట వేసినవాటిలో దాన్నే మొదటి మైలుగా చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి మైళ్ళకి మైళ్ళు. మైళ్ళ కొద్దీ వేసేటప్పుడు అయిదడుగుల చదరాలు కుదరవు కదా. పలకలు పొడుగయ్యాయి. కొందరు అసలు సందుల్లేకుండానే పోశారు. కాంక్రీటు ఊరుకోలేదు, తనకి నచ్చినచోట తనే సందు పెట్టుకుంది. పద్ధెనిమిది అడుగుల వెడల్పు రోడ్డయితే నిలువునా నడిమధ్యలో వంకరటింకర బీట. ఇలినాయ్ రాష్ట్రంలో 1922, 23ల్లో బేట్స్ రోడ్ టెస్ట్ అని చేశారు. రకరకాల రోడ్డు ముక్కలు వేసి, వాటి మీద బరువైన లారీలు తిప్పి, ఏది ఎలా విరుగుతుందో చూశారు. ఆ తర్వాత రోడ్డు మధ్యలో నిలువుగా ఒక సందు పెట్టడం మామూలైంది. ఎలాగూ అక్కడే విరుగుతుంది కాబట్టి తిన్నగా విరగనిద్దాం అన్నమాట. ఇది మొదటి మాట మార్పు. అప్పటిదాకా బీట రాకుండా ఎలా ఆపాలి అని ఆలోచించినవాళ్ళు, బీట ఎక్కడ రావాలో మనమే చెబుదాం అనే దగ్గరికొచ్చారు.

మన డ్రైవ్‌వే మీద గీతలు దీని వారసులే. నాలుగంగుళాల మందం పలకలో పైన అంగుళం లోతు గాడి పెడతారు. అక్కడ పలక పల్చబడుతుంది కాబట్టి బీట ఆ గాడి అడుగునే, కనపడకుండా వస్తుంది. గీతకీ గీతకీ మధ్య పదడుగులకి అటూఇటూ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వజ్రపు పళ్ళ రంపాలొచ్చాక ఈ గాడిని పోసిన కొన్ని గంటలకే కోయడం మొదలైంది. ఆలస్యం చేస్తే మనం కోసేలోపే కాంక్రీటు తన గీత తను గీసేసుకుంటుంది.

ఇక రెండో మార్పు. 1930ల్లో ఇంజినీర్లకి ఎండాకాలం భయం పట్టుకుంది. మండుటెండలో రెండు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా పైకి లేచిపోవడం అక్కడక్కడా జరుగుతూండేది. దాంతో వ్యాకోచానికని వెడల్పాటి సందులు దగ్గర దగ్గరగా పెట్టి, వాటిల్లో చెక్కలో, తారులో నానబెట్టిన పీచు అట్టలో దూర్చారు. వినడానికి బాగానే ఉంది. 1940ల మొదట్లో ఫెడరల్ రోడ్ల శాఖ మిషిగన్, మిన్నెసోటా, ఆరిగన్ లాంటి ఆరు రాష్ట్రాల్లో ప్రయోగం కోసం రోడ్లు వేయించి ఏళ్ళ తరబడి కొలిస్తే అసలు సంగతి బయటపడింది. వేసవిలో పలకలు వెడల్పు సందులోకి జరుగుతాయి. అందులో ఉన్న అట్ట నలుగుతుంది, నలిగిన అట్ట మళ్ళీ పొంగదు. చలికాలంలో పలకలు వెనక్కి రావు. వాటి మధ్య ఉన్న చిన్న చిన్న సంకోచపు సందులు ఆ మేరకు తెరుచుకుంటాయి. తెరుచుకున్నవాటిలో ఇసకా, రాళ్ళూ పడతాయి. మరుసటి వేసవిలో మూసుకోబోతే రాయి అడ్డం. అంటే వ్యాకోచానికని పెట్టిన సందే మిగతా సందుల్ని పాడుచేస్తోంది! ఆ తర్వాత మామూలు రోడ్డు మీద వ్యాకోచపు సందులు మానేసి, వంతెనలు, కట్టడాలు తగిలే చోట మాత్రమే ఉంచడం ఆనవాయితీ అయింది. మొదట్లో ఆరిపోయేటప్పుడు ముడుచుకున్న చోటే పలక వేసవిలో సాగడానికి చాలావరకు సరిపోతుంది, అందులో రాళ్ళు పడకపోతే.

ఆ "రాళ్ళు పడకపోతే" దగ్గరే సీలెంటు కథ మొదలవుతుంది. రాళ్ళు పడకూడదు, నీళ్ళు దిగకూడదు. నీళ్ళు దిగితే కింద మట్టి బురదవుతుంది, లారీ వెళ్ళినప్పుడల్లా ఆ బురద సందులోంచి పైకి చిమ్ముతుంది, పలక కింద బోలవుతుంది. చలి ప్రాంతాల్లో ఇంకోటి, గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. అందుకని మొదట్లో తారు పోశారు. అది ఎండకి కారేది, చలికి పెళుసుబారేది. తర్వాత రబ్బరు కలిపిన తారు, ఆపైన సిలికోన్లు, పాలీయురేథేన్లు.

అయితే కొత్త కొత్త జిగుర్లు కూడా చినిగిపోతూనే ఉన్నాయి. ఎగాన్స్ టోన్స్ అనే ఇంజినీరు 1959లో దీని వెనక లెక్క రాశాడు. సందు తెరుచుకున్నప్పుడు రబ్బరు సాగుతుంది, కానీ దాని ఘనపరిమాణం మారదు, కాబట్టి పై అంచు లోపలికి గుంటలా వంగుతుంది. ఎంత లోతుగా పోస్తే ఆ వంపు అంత ఎక్కువ, పై పొర మీద లాగుడు అంత ఎక్కువ. అంటే ఎక్కువ జిగురు పోస్తే గట్టిగా ఉంటుందన్న మన ఇంగితం ఇక్కడ తలకిందులు. పల్చగా పోసిందే ఎక్కువ కాలం ఆగుతుంది. ఇవాళ సిలికోన్‌కి వెడల్పులో సగం లోతు చాలంటారు. కింద నురుగు తాడు దూర్చేది కూడా ఇందుకే. అది లోతు తగ్గిస్తుంది, జిగురు అడుక్కి అంటుకోకుండా చూస్తుంది. రెండు పక్కలకే అంటుకున్న రబ్బరు హాయిగా సాగుతుంది. మూడో పక్క కూడా పట్టుకుంటే చినగడం ఖాయం. డబ్బు మిగల్చాలని తాడు మానేసి సందు నిండా జిగురు కుక్కేవాళ్ళు నిజానికి డబ్బూ పోగొట్టుకుంటున్నారు, పనీ చెడగొట్టుకుంటున్నారు.

మూడో మార్పు నాకు అన్నిటికన్నా నచ్చింది. విస్కాన్సిన్ రవాణా శాఖవాళ్ళు దశాబ్దాలపాటు పూడ్చిన రోడ్లనీ పూడ్చని రోడ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. 1990లో కాంక్రీటు రోడ్ల సందులు పూడ్చడం మొత్తం ఆపేశారు. కొత్త రోడ్లకీ లేదు, పాత రోడ్ల మరమ్మత్తులోనూ లేదు. ఏటా 60 లక్షల డాలర్లు మిగిలాయి, రోడ్లేమీ చెడలేదు. ఆ శాఖ ఇంజినీరు స్టీఫెన్ షోబర్ 1997లో దీని మీద పేపరు రాస్తూ "ద గ్రేట్ అన్‌సీలింగ్" అని పేరు పెట్టాడు. ఆయన వాదన సారాంశం ఇది: ఇన్నేళ్ళూ అందరూ ఏ సీలెంటు ఎన్నాళ్ళు ఆగుతుందనే కొలిచారు, పూడిస్తే రోడ్డు బాగుపడుతుందా అని ఎవరూ కొలవలేదు.

మన పనిలో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? టెస్టు కవరేజీ తొంభై శాతం దాటిందా అని ప్రతి వారం రిపోర్టు పంపుతాం. ఆ టెస్టుల వల్ల కస్టమర్‌కి బగ్గులు తగ్గాయా అని ఎన్నిసార్లు చూస్తాం? మొదట పెట్టినప్పుడు ఆ టెస్టులకి మంచి కారణమే ఉండి ఉంటుంది. ఆ కారణం ఇంకా ఉందో లేదో చూడ్డం ఎవరి పనీ కాదు. పోనీ విస్కాన్సిన్ మాటే అందరూ విన్నారా అంటే అదీ లేదు. పూడ్చే రాష్ట్రాలు ఇంకా పూడుస్తూనే ఉన్నాయి, వాదన నడుస్తూనే ఉంది.

మరి మనమూ ఆ గొట్టాలు వెనక్కిచ్చేద్దామా? అక్కడే ఆగాలి. విస్కాన్సిన్ వాళ్ళు కొలిచింది రోడ్లని, అదీ సన్నటి సంకోచపు సందుల్ని. డ్రైవ్‌వే మీద అలాంటివి పదడుగులకొకటి ఉంటాయి. కింద నేల గట్టిగా ఉండి నీరు పారిపోతుంటే అవి పూడ్చకపోయినా కొంపలేం మునగవు. కారు బరువెంత, లారీ బరువెంత? కొంపలు అక్షరాలా మునిగేది ఇంకో రెండు చోట్ల.

ఒకటి డ్రైవ్‌వే గరాజునీ, ఇంటి గోడనీ కలిసేచోటు. అక్కడ కట్టినప్పుడు పెట్టిన పీచు అట్ట పదిహేను ఇరవై ఏళ్ళకి కుళ్ళిపోతుంది, వేలు పట్టేంత సందు మిగుల్తుంది. అందులో దిగిన నీరు పోయేది తిన్నగా పునాది దగ్గరికే. ఇది పూడ్చి తీరాలి.

రెండోది డ్రైవ్‌వే వీధిని కలిసేచోటు. మిడ్‌వెస్ట్‌లో కాంక్రీటు వీధులున్న కాలనీల్లో స్ట్రీట్ క్రీప్ అని ఒక బాధ ఉంది. వీధి సందుల్లో ఏడాదికింత ఇసక చేరుతుంది, ప్రతి వేసవీ వీధి రవ్వంత పొడుగవుతుంది. మలుపు దగ్గర అది పక్కకి జరిగి డ్రైవ్‌వేని నెడుతుంది. డ్రైవ్‌వే గరాజుని నెడుతుంది. చివరికి గరాజు నేల పగిలి, పునాది గోడ బీటిస్తుంది. ఆరు రాష్ట్రాల రోడ్ల మీద 1940ల్లో చూసిన ఆటే, ఈసారి మన ఇంటి ఖర్చుతో. అందుకని ఆ చివర నిజమైన వ్యాకోచపు సందు ఒకటి, మెత్తటి పూరకంతో, రాళ్ళు పడకుండా పైన పూతతో ఉండాలి. అక్కడ సందు కనపడటం లేదు, బాగానే ఉంది అనుకోవద్దు. మూసుకుపోయి ఉండొచ్చు. అలా మూసుకుపోయిన సందుని జిగురు బాగుచేయలేదు, మళ్ళీ కోయించాల్సిందే.

మన ఊళ్ళల్లో సీసీ రోడ్లకీ ఇదే సూత్రం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కాంక్రీటు రోడ్ల సందులు పూడ్చడం మీదే ప్రత్యేకంగా 1974లో ఒక ప్రమాణం ప్రచురించింది. మనకి మంచు లేదు కానీ ఎండా, ఇసకా కావలసినంత ఉన్నాయి.

పని పెట్టుకుంటే మరీ ఎండలోనూ మరీ చలిలోనూ కాకుండా వసంతంలోనో శరత్తులోనో పెట్టుకోండి, సందు అప్పుడు మధ్యస్థంగా ఉంటుంది. పాతదంతా గీకి, దుమ్ము ఊది, పూర్తిగా ఆరనిచ్చి, తాడు దూర్చి, పల్చగా పోయండి. వాలు ఎక్కువుంటే తనంతట పరుచుకునే రకం కొనకండి, కిందికి కారి పోగవుతుంది.

ఏతావాతా నాకర్థమైంది ఇదీ. బార్తొలొమ్యూ చదరాల్లో పోయించినప్పటి నుంచి ఇప్పటిదాకా కాంక్రీటు స్వభావం మారలేదు. అది ముడుచుకుంటుంది, సాగుతుంది, దారి ఇవ్వకపోతే పగుల్తుంది. మారుతూ వచ్చిందల్లా, దానికి దారి ఎక్కడ ఇవ్వాలన్న మన అంచనా. ఆ అంచనా మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి కొలిచి చూశారు. పక్కింటాయన మాత్రం ఇంకా ఈ చివర నుంచి ఆ చివరి దాకా అన్ని గీతలూ పూడుస్తూనే ఉన్నాడు. మీరు మాత్రం గరాజు గుమ్మం దగ్గర మొదలుపెట్టండి.