బరువు తగ్గించే ఆపరేషన్‌తో కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుందా?

బేరియాట్రిక్ సర్జరీ అనగానే ఎన్ని కిలోలు తగ్గుతారనే అందరూ అడుగుతారు. షుగర్ అదుపులోకి వస్తుందన్న సంగతి కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. రక్తంలోని కొవ్వుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అయోమయమే. బరువు దిగింది కదా, ఇంకా కొలెస్ట్రాల్ మాత్ర దేనికని సొంతంగా ఆపేసేవారున్నారు. ఇది ప్రమాదకరం. ఆపరేషన్ అన్ని కొవ్వుల మీదా ఒకేలా పనిచేయదు.

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో చూడాల్సినవి ముఖ్యంగా మూడు. ఎల్‌డీఎల్ అంటే చెడు కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్, మూడోది ట్రైగ్లిజరైడ్లు. తీవ్ర స్థూలకాయం ఉన్నవారిలో సాధారణంగా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉంటాయి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కాలేయానికి చేరుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో కాలేయం ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. భారతీయులతో సహా దక్షిణాసియా వాసుల్లో అంత లావు లేకపోయినా ఇదే పరిస్థితి కనిపిస్తుంది.

ఆపరేషన్ బాగా సరిచేసేది ఈ రెండింటినే. బరువు తగ్గి, కాలేయంలో కొవ్వు కరిగేకొద్దీ ట్రైగ్లిజరైడ్లు కొన్ని నెలల్లోనే దిగుతాయి. హెచ్‌డీఎల్‌కు మాత్రం టైమ్ పడుతుంది. మొదటి నెలల్లో అది కాస్త తగ్గినా కంగారు పడనక్కర్లేదు, ఏడాది తిరిగేసరికి చాలామందిలో మునుపటి కంటే పెరుగుతుంది.

ఎల్‌డీఎల్ కథ వేరు. అది ఎంత తగ్గుతుందన్నది ఏ ఆపరేషన్ చేశారన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు, పేగుల దారి మాత్రం మారదు. అందుకే ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని దాటుకుని వెళ్తుంది. తిండిలోంచి, పైత్యరసంలోంచి శరీరం పీల్చుకునే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. పేగును ఇంకా ఎక్కువగా దాటించే బిలియోపాంక్రియాటిక్ డైవర్షన్‌లో ఎల్‌డీఎల్ అన్నిటికంటే ఎక్కువగా తగ్గుతుంది. కానీ ఎ, డి, ఇ, కె విటమిన్లు, ప్రొటీన్ల కొరత వచ్చే ముప్పు కూడా అక్కడే ఎక్కువ.

పేగుకు ఇంత పాత్ర ఉందని తేల్చిన పరిశోధన అసలు లావు తగ్గించడానికి చేసింది కాదు. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ సర్జన్ హెన్రీ బుచ్‌వాల్డ్ నేతృత్వంలో, ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన 838 మందిపై ఈ అధ్యయనం సాగింది. వారిలో కొందరికి చిన్నపేగు చివరి భాగాన్ని బైపాస్ చేశారు. 1990లో వెల్లడైన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తర్వాత వారి ఎల్‌డీఎల్ మిగతావారి కంటే 38 శాతం తక్కువగా ఉంది. అప్పటికే స్టాటిన్ మాత్రలు మార్కెట్లోకి రావడంతో కొలెస్ట్రాల్ కోసమే కోత పెట్టే అవసరం పోయింది.

స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఇంకో కోణం చూపించింది. ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందిని ఏళ్ల తరబడి గమనించారు. పదేళ్ల లెక్కల్లో ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ ఆపరేషన్ అయినవారిలోనే మెరుగ్గా ఉన్నాయి. మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే సమస్య నుంచి బయటపడటంలో మాత్రం రెండు గుంపులకూ తేడా కనబడలేదు. అక్కడ ఎక్కువమందికి జరిగింది పేగును ముట్టుకోకుండా జీర్ణాశయాన్ని ఇరుకు చేసే ఆపరేషన్ మరి. అయినా గుండె జబ్బుతో మరణాలు వారిలో తగ్గాయి. బీపీ, షుగర్ అన్నీ కలిసి మారితే గుండెకు మేలు జరుగుతుంది, రిపోర్టులోని ఒక్క అంకె పట్టుకుని తేల్చలేం.

ఎవరికి ఈ సర్జరీ? 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35, ఆపైన ఉన్నవారికి సిఫారసు చేయొచ్చు. ఆసియా వాసులకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చు. అయితే కొలెస్ట్రాల్ ఒక్కటే సమస్య అయితే ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలు చాలు.

బరువు వేగంగా తగ్గేటప్పుడు కొలెస్ట్రాల్ పైత్యరసంలోకి ఎక్కువగా చేరి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. రంజాన్ ఉపవాసాల సంగతి కూడా ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. కొత్తగా ఆపరేషన్ అయినవారు ఒకేసారి ఎక్కువ నీళ్లు తాగలేరు కాబట్టి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. బైపాస్ అయినవారు ఇఫ్తార్‌లో తీపి షర్బత్ గబగబా తాగితే చెమటలు, గుండెదడ రావచ్చు.

ఇక స్టాటిన్ల విషయం. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు ఎంత బరువు తగ్గినా మాత్ర కొనసాగించాల్సిందే. మిగతావారికి డోసు తగ్గించాలా, ఆపాలా అన్నది లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించాక డాక్టర్ చెబుతారు. ఆ పరీక్ష ఒక్కసారితో అయిపోయేది కాదు. కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరిగితే ట్రైగ్లిజరైడ్లూ వెనక్కి వస్తాయి.