పైడి జైరాజ్

పైడి జైరాజ్ (సెప్టెంబర్ 28, 1909 - ఆగష్టు 11, 2000) మూకీల కాలంలోనే బొంబాయి చేరి కథానాయకుడైన తెలుగు నటుడు, దర్శకుడు. 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఈయనకు లభించింది.

బాల్యం, విద్య

జైరాజ్ కరీంనగర్‌లో జన్మించాడు. హైదరాబాదులో, నారాయణగూడకు సమీపాన బషీర్‌బాగ్‌లో ఉన్న నిజాం కళాశాలలో చదివాడు. ఆయన బాల్యంలో ఈ నగరంలోనూ మూకీలు తయారయ్యేవి. ధీరేన్ గంగూలీ 1922 ప్రాంతంలో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ నెలకొల్పాడు. అయితే 1924లో రజియా బేగం అనే చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ప్రభువు ఆగ్రహించి, గంగూలీని రాజ్యం విడిచి వెళ్ళమన్నాడు. జైరాజ్ నటుడు కావాలనుకునే నాటికి హైదరాబాదులో ఆ అవకాశం మిగలలేదు.

మూకీ చిత్రాలు

1929లో బొంబాయి చేరిన జైరాజ్, అదే ఏడాది జగమగతీ జవానీ అనే మూకీలో తొలిసారి కనిపించాడు. తరువాత రసీలీ రాణి తదితర చిత్రాలలో నాయకపాత్రలు ధరించాడు. మాటలు లేని ఆ చిత్రాలలో నటుడికి దేహదారుఢ్యమూ, ముఖకవళికలే పెట్టుబడి. ఆజానుబాహుడైన ఈయనకు ఆ రెండూ ఉన్నాయి.

టాకీల రాక

1931లో ఆలం ఆరాతో టాకీలు మొదలయ్యాక ఎందరో మూకీ నటులు తెరమరుగయ్యారు. జైరాజ్ నిలదొక్కుకున్నాడు. హైదరాబాదులో అబ్బిన ఉర్దూ ఇందుకు తోడ్పడిందని భావించవచ్చు. ఈయన మొదటి టాకీ షికారి (1932). ప్రేమ్‌చంద్ కథతో మోహన్ భవనానీ తీసిన మజ్దూర్ (1934) మిల్లు కార్మికుల సమ్మెను చూపినందున బొంబాయిలో నిషేధానికి గురయింది. బాంబే టాకీస్ వారి భాభీ (1938) విజయం సాధించింది. అదే సంస్థకు ఈయన దర్శకత్వం వహించిన ప్రతిమ (1945)లో నాయకుడు అప్పటికి కొత్తవాడైన దిలీప్ కుమార్.

1950ల నుండి హాతింతాయి (1956), అమర్‌సింగ్ రాథోడ్ (1957), టిప్పు సుల్తాన్ (1959), చంద్రశేఖర్ ఆజాద్ (1963) వంటి జానపద, చారిత్రక పాత్రలు ఈయనకు పెట్టింది పేరయ్యాయి. నైన్ అవర్స్ టు రామా (1963) అనే ఆంగ్ల చిత్రంలో జి.డి.బిర్లాగా నటించాడు. షోలే (1975), డాన్ (1978)లలో చిన్న పాత్రలు వేశాడు.

గుర్తింపు

బి.ఎన్.రెడ్డి (1974) తరువాత ఫాల్కే పురస్కారం పొందిన రెండవ తెలుగువాడు జైరాజ్. అయినా తెలుగు చిత్రసీమకు దూరంగా ఉండిపోవడం వలన స్వస్థలంలో ఈయన పేరు చాలాకాలం అంతగా వినిపించలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదు రవీంద్రభారతి ప్రాంగణంలోని ప్రివ్యూ థియేటరుకు పైడి జైరాజ్ పేరు పెట్టారు.