రక్తములోని క్రిమి – మూత్రములోని సాక్ష్యము

జ్వరముతో వణకుచున్న రోగిని ఆసుపత్రికి గొనిపోయినప్పుడు వైద్యుడు చేతినుండి రక్తమును తీయించును. వెంటనే మూత్రమును గూడ శుభ్రమైన సీసాలో పట్టి తెమ్మనును. "దోషము రక్తములో నున్నదనిరి గదా, మూత్రముతో పనియేమి?" అని ఇంటి పెద్దలు శంకింతురు. శంక సహజమైనదే. దీనికి సమాధానము వైద్యచరిత్రయందు దొరకును.

మూత్రమును చూచి రోగమును నిర్ణయించుట మిక్కిలి ప్రాచీనమైన పద్ధతి. మన ఆయుర్వేద గ్రంథములు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, తీపిగల మూత్రమునకు చీమలు చేరుటను గూడ గుర్తించినవి. మధ్యయుగములందు ఐరోపాలో మూత్రము పట్టు గాజుకుప్పె వైద్యవృత్తికే చిహ్నమయ్యెను. 1506లో ఉల్రిచ్ పిండర్ ప్రకటించిన గ్రంథమందు మూత్రపు రంగులను ఒక చక్రముగా చిత్రించి చూపిరి. క్రమముగా, రోగిని చూడకయే కుప్పెను మాత్రము చూచి జోస్యము చెప్పువారును బయలుదేరిరి. అందుచే ఆ విద్యకు అపకీర్తి కలిగెను. 1827లో లండను వైద్యుడు రిచర్డ్ బ్రైట్ వాచిన దేహము, మూత్రమందలి ఆల్బుమిన్, చెడిన మూత్రపిండములు – ఈ మూటికిని గల సంబంధమును వెల్లడించి, మూత్రపరీక్షకు శాస్త్రగౌరవము తెచ్చెను.

పిమ్మట సూక్ష్మక్రిముల యుగము వచ్చెను. టైఫాయిడు క్రిమిని 1880లో ఎబర్త్ చూచెను. 1884లో గాఫ్కీ దానిని ప్రయోగశాలలో పెంచెను. ఈ క్రిమి మొదటివారమున రక్తములో దొరకును. తరువాతి వారములందు కొందరి మూత్రములోనికిని దిగును. జ్వరము తగ్గి లేచి తిరుగువాడును మూత్రముద్వారా రోగమును పంచగలడని తెలిసినప్పుడు, ఈ పరీక్ష ఒక్క రోగికే గాక ఊరంతటికిని రక్షయయ్యెను.

1917లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు డోషే, ఏవరీ అను శాస్త్రజ్ఞులు, న్యుమోకాకస్ క్రిమి విడుచు ఒక కరగు పదార్థమును న్యుమోనియా రోగుల రక్తములోను మూత్రములోను గుర్తించిరి. క్రిమి కానరాకున్నను దాని జాడ మూత్రములో దొరకునన్నమాట! నేడు ఆసుపత్రులలో న్యుమోనియా కారణమును తెలిసికొనుటకు చేయు ఒక మూత్రపరీక్ష ఈ తత్త్వముపైననే ఆధారపడియున్నది.

రక్తమునకును మూత్రమునకును నడుమ క్రిముల రాకపోకలు రెండు దారులను జరుగును. 1885లో ఎషెరిక్ వర్ణించిన ఇ. కోలై ప్రేగులలో నివసించునది. అది మూత్రమార్గమున పైకెక్కి, మూత్రపిండములను చేరి, అచటినుండి రక్తమున ప్రవేశింపగలదు. రెండు సీసాలలోను ఒకే క్రిమి పెరిగినచో రోగము పుట్టినచోటు చాలవరకు తెలిసినట్లే.

రెండవ దారి దీనికి విపర్యయము. 1880లో ఆగ్‌స్టన్ చీములో చూచి, 1882లో స్టాఫిలోకాకస్ అని పేరిడిన క్రిమిజాతిలో ఆరియస్ అనునది రక్తమునుండి మూత్రపిండములకు దిగి మూత్రములో కనబడును. 1978లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనయందు, రక్తములో ఈ క్రిమిగలవారిలో సుమారు నాల్గింట ఒకవంతు మందికి మూత్రములోను అది కనబడెను. కావున, అందును మూత్రము పోవుటకు గొట్టము అమర్చనివారికి, ఇది కనబడినప్పుడు "మూత్రదోషమే" యని మాత్రలిచ్చి పంపుట ప్రమాదకరము. అసలు రోగము హృదయకవాటమునందో ఎముకయందో దాగియుండవచ్చును. రక్తమును గూడ పరీక్షింపవలయును.

ఇక పరీక్షకును హద్దు కలదు. 1956లో బోస్టనులో ఎడ్వర్డ్ కాస్, మిల్లీలీటరు మూత్రమునకు 1,00,000 క్రిములున్నచో దానిని నిజమైన దోషముగా నెంచవచ్చునని ప్రమాణము నిర్ణయించెను. అయినను ఆ లెక్కకు మించియున్నను బాధయేమియు లేని వృద్ధులు పెక్కురు. అట్టివారికి జ్వరము వచ్చినప్పుడు నేరమును మూత్రముపై మోపినచో, ఊపిరితిత్తులలోనో పిత్తాశయములోనో గల కారణము మరుగునపడును. కుప్పెను చూచి రోగిని మరచిన పూర్వుల తప్పిదము ఇట్టిదే.

ఇంటివారు చేయవలసినది స్వల్పము. వీలైనంతవరకు క్రిమినాశక మందు పడకమునుపే రక్తమును, మూత్రమును పట్టనిండు. అయితే రోగి స్థితి విషమించినచో పరీక్షకొరకు మందును ఆపరాదు. మొదటి ధారను విడిచి నడిమి ధారను పట్టి, ఆలస్యము లేక ప్రయోగశాలకు చేర్పుడు. సీసా గంటలకొలది కిటికీలో నిలిచినచో, అందులోనే క్రిములు పెరిగి సాక్ష్యము తారుమారగును.