మంచులో దిగే విమానం: ఒక నియమం పుట్టిన కథ

రన్‌వే కంటికి కనబడకపోతే విమానం దింపకూడదన్నది తొలినాళ్ల నియమం. పొగ, మంచు కలిసి కమ్ముకునే లండన్‌లో శీతకాలం వచ్చిందంటే ఈ నియమంతో రాకపోకలు స్తంభించేవి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం దీనికి ఒక మొరటు ఉపాయం చేసింది. రన్‌వేకి రెండు పక్కలా గొట్టాలు పరిచి, పెట్రోలు మండించి, ఆ వేడికి మంచు విడిపోయేలా చూసేవారు. ‘ఫైడో’ అనే ఈ పద్ధతి వేలమంది వైమానికుల ప్రాణాలు కాపాడింది. అయితే అంత పెట్రోలు తగలబెట్టడం యుద్ధం ముగిశాక ఏ విమాన సంస్థకూ సాధ్యమయ్యే పని కాదు.

1945లో ఏర్పడిన బ్లైండ్ ల్యాండింగ్ ఎక్స్‌పెరిమెంటల్ యూనిట్ మంచు జోలికి పోలేదు. ఆ మంచులోనే విమానం తనంతట తాను దిగాలని పూనుకుంది. ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) రేడియో తరంగాలు అప్పటికే విమానాన్ని సుమారు 200 అడుగుల ఎత్తు వరకు నడిపించగలిగేవి. చిక్కంతా ఆ కిందే. కట్టడాలకు తగిలి తరంగాలు వంకరపోయేవి, నేల దగ్గరపడేకొద్దీ ఎత్తు లెక్క తప్పేది. అందుకని రన్‌వే ఇరువైపులా నేలలో విద్యుత్ తీగలు పాతి, వాటి అయస్కాంత క్షేత్రంతో నడిమి గీత పట్టుకున్నారు. ఎత్తు కొలిచే పని రేడియో ఆల్టిమీటరుకు అప్పగించారు. ఐఎల్ఎస్ మెరుగుపడ్డాక తీగల అవసరం తీరిపోయింది, ఆల్టిమీటరు మాత్రం నిలిచింది.

యంత్రం దింపగలదని తేలినా, చివరి క్షణంలో అది చెడిపోతే ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఆ ప్రశ్నకు దొరికిన జవాబే. బ్రిటన్ ఎయిర్ రిజిస్ట్రేషన్ బోర్డు ఒక హద్దు గీసింది: ఆటోమేటిక్ ల్యాండింగు వల్ల ప్రాణాంతక ప్రమాదం కోటి ల్యాండింగులకు ఒకటికి మించకూడదు. ఆ హద్దుకు లోబడే ట్రైడెంట్ విమానంలో మూడు ఆటోపైలట్ వ్యవస్థలు పెట్టారు. ఒకటి దారి తప్పితే మిగతా రెండూ దాన్ని పక్కకు తప్పించి పని సాగిస్తాయి.

1965 జూన్ 10న పారిస్ నుంచి ప్రయాణికులతో వచ్చిన బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ (బీఈఏ) ట్రైడెంట్‌ను హీత్రోలో చివరి ఘట్టాన ఆటోపైలటే నేలకు చేర్చింది. నాలుగు నెలలు తిరగగానే, అక్టోబరు 27న, అదే సంస్థకు చెందిన వాన్‌గార్డ్ విమానం అదే విమానాశ్రయంలో మంచులో దిగబోయింది. మూడో ప్రయత్నమూ ఫలించక తిరిగి పైకి లేచే క్రమంలో కూలిపోయింది. అందులో ఉన్న 36 మందీ చనిపోయారు. పరిశోధన ఎందుకో అడిగేవారికి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

తర్వాత నియమాలు అంతర్జాతీయంగా మెట్లు మెట్లుగా స్థిరపడ్డాయి. మొదటి కేటగిరీలో 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ, దాని దీపాలు గానీ పైలట్‌కు కనబడాలి. లేదంటే మళ్లీ పైకి లేవాల్సిందే. రెండో కేటగిరీలో ఆ ఎత్తు 100 అడుగులు. మూడోదాంట్లోని ‘బి’ తరగతికి రన్‌వే మీద 75 మీటర్ల చూపు చాలు. అసలేమీ కనబడకున్నా దిగే ‘సి’ తరగతి కాగితం మీదే ఉండిపోయింది. విమానం దిగగలదు, కానీ ఆ చీకట్లో రన్‌వే వదిలి టెర్మినల్ దాకా వెళ్లే దారి పైలట్‌కు కనబడాలి కదా. అగ్నిమాపక వాహనాలకూ విమానం ఎక్కడుందో తెలియాలి.