నిఘా ప్రశ్నపత్రం మీదా, పిల్లల ఖాతాల మీదా? సైబరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

హైదరాబాద్‌లో విప్రో కాంట్రాక్టు సిబ్బంది 260 మంది దాకా కూర్చుని, ఫేస్‌బుక్‌లో 2014 నుంచి జనం పెట్టిన లక్షలాది పోస్టులను, ఫొటోలను చదివి వర్గాలుగా విడదీశారని 2019 మే నెలలో రాయిటర్స్ వెల్లడించింది. పరాయివాళ్ల పోస్టులు చదవడం ఈ నగరంలో జీతానికి చేసే పని. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ వృత్తివిద్యా ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ నిర్వహిస్తోంది. పోస్టులను గాలించే నైపుణ్యమూ పరీక్షల యంత్రాంగమూ ఇలా ఇరుగుపొరుగున ఉన్నప్పుడు, లీకుల భయంతో విద్యార్థుల ఖాతాలపై నిఘా పెట్టాలన్న ఆలోచన రావడానికి ఎంతోకాలం పట్టదు. వెతుకులాట ప్రశ్నపత్రం వెంట సాగాలి తప్ప విద్యార్థి వెంట కాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

న్యూజెర్సీ అనుభవం

2015 మార్చిలో అమెరికాలో పార్క్ (PARCC) అనే పాఠశాల పరీక్షలు జరుగుతుండగా, వాటిని నిర్వహించే పియర్సన్ సంస్థ విద్యార్థుల బహిరంగ పోస్టులను గమనిస్తోందని బయటపడింది. న్యూజెర్సీలోని వాచుంగ్ హిల్స్ పాఠశాలకు చెందిన ఒక విద్యార్థి పరీక్ష పూర్తయ్యాక, మధ్యాహ్నం 3:18కి, ఒక ప్రశ్న గురించి ట్వీట్ చేశాడు. అందులో ఫొటో ఏమీ లేదు. అయినా ప్రశ్నను ఫొటో తీశాడంటూ రాష్ట్ర విద్యాశాఖ నుంచి పాఠశాల అధికారులకు రాత్రివేళ హెచ్చరిక అందింది.

మన దగ్గర పరీక్ష హాలు బయటికి రాగానే గుర్తున్న ప్రశ్నలు చెప్పుకోవడం మామూలే. కోచింగ్ సంస్థలు ‘మెమరీ బేస్డ్ పేపర్లు’ తయారుచేసేది ఆ జ్ఞాపకాలతోనే. 2025 సెప్టెంబరులో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో అక్రమాలను అరికట్టే 2024 నాటి కేంద్ర చట్టాన్ని చూపి, తమ ప్రశ్నపత్రాలను సోషల్ మీడియాలో చర్చించవద్దని హెచ్చరించింది. విడతలవారీగా జరిగే పరీక్షలో చివరి విడత ముగిసేదాకా మౌనం పాటించమనడంలో కొంత న్యాయముంది. ఆ తరువాత కూడా మాట్లాడటమే నేరమంటే మాత్రం సమర్థించడం కష్టం.

తాండూరు, కమలాపూర్

2023 ఏప్రిల్ 3న తాండూరులో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం, పరీక్ష మొదలైన కొద్ది నిమిషాలకే వాట్సాప్‌కెక్కింది. పంపింది ఉపాధ్యాయుడు. మర్నాడు కమలాపూర్‌లో హిందీ పేపర్‌ను బయటి కుర్రాడొకడు కిటికీ దగ్గర నుంచి ఫొటో తీశాడు. ఎవరి పేపర్ ఫొటోలో పడిందో ఆ విద్యార్థిని అధికారులు డిబార్ చేశారు. మిగతా పరీక్షలు రాసుకోవడానికి హైకోర్టు అనుమతించాల్సి వచ్చింది.

ఈ రెండు ఘటనల్లోనూ విద్యార్థుల బహిరంగ ఖాతాలను ఎంత గాలించినా ఉపయోగం ఉండేది కాదు. వాట్సాప్ సందేశాలు ఎన్‌క్రిప్షన్ చాటున సాగిపోతాయి. లీకు చేసినవారిలో ఒకరు లోపలి ఉద్యోగి, ఒకరు బయటివాడు. దాచుకోవడానికేమీ లేక బాహాటంగా మాట్లాడే పిల్లలే అలాంటి నిఘాకు చిక్కుతారు. పైగా ఫొటో ఆధారంగా పేపర్ ఎవరిదో తేలినంత మాత్రాన తప్పు ఎవరిదో తేలదని కమలాపూర్ చెబుతోంది.

చట్టంలో సందులు

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ పద్దెనిమిదేళ్లలోపు వారిని ట్రాక్ చేయడాన్ని, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధిస్తోంది. అయితే వ్యక్తి తానుగా బహిరంగపరిచిన సమాచారానికి 3వ సెక్షన్ ప్రకారం ఆ చట్టమే వర్తించదు. విద్యాసంస్థలకు బోధన, భద్రత అవసరాల మేరకు నిబంధనల్లో మినహాయింపు ఉంది. అంటే న్యూజెర్సీ తరహా ట్వీట్ ఇక్కడ ఒక మైనర్ పెట్టినా ఈ చట్టం రక్షణ దొరకడం అనుమానమే.

ముగింపు

2025 నీట్‌కు ముందు జాతీయ పరీక్షల సంస్థ అనుమానాస్పద ప్రచారంపై ఫిర్యాదుల పోర్టల్ తెరిచి, 106 టెలిగ్రామ్, 16 ఇన్‌స్టాగ్రామ్ చానళ్లను గుర్తించింది. అక్కడ గురి పేపర్ అమ్ముతామన్న చానళ్ల మీద ఉంది, అభ్యర్థుల మీద లేదు. రాష్ట్ర బోర్డులు అనుసరించదగిన పద్ధతి ఇదే. దానికి మూడు షరతులు రాతపూర్వకంగా తోడవ్వాలి: పరీక్ష చివరి విడతతోనే గాలింపు ఆగిపోవాలి, పేరుపెట్టి ఏ విద్యార్థి ఖాతానూ తెరవకూడదు, డిబార్ చేసేముందు విద్యార్థి వాదన వినాలి. గాలింపును ప్రైవేటు సంస్థకు అప్పగిస్తే ఈ షరతులు ఆ ఒప్పందంలోనూ ఉండాలి. చట్టం వదిలేసిన సందును ప్రస్తుతానికి పూడ్చగలిగేది ఆ ఒప్పందమే.