కనుపాప చెప్పే సాక్ష్యం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలకు బదులు కనుపాప చరిత్ర రాస్తున్నాను. కారణం చివర మనవి చేస్తాను.

మొన్న శుక్లాల పరీక్షకు వెళితే డాక్టరుగారు కంట్లో టార్చిలైటు వేసి చూశారు. వెలుతురు పడగానే పాప ముడుచుకుంటుంది, తీయగానే విచ్చుకుంటుంది. ఇది మన ఇష్టంతో పనిలేని నరాల ప్రతిచర్య అని స్కాట్లండు వైద్యుడు రాబర్ట్ వైట్ 1751లోనే వివరించాడు.

పాపను ముడిచే నరాలు వేరు, విప్పే నరాలు వేరు. భయం, ఆందోళన కలిగితే విప్పే నరాలది పైచేయి అవుతుంది. మెదడు మీద బరువు పడినా అంతే. 1966లో డానియల్ కానెమన్, జాక్సన్ బీటీ కొందరికి అంకెలు చదివి, గుర్తుంచుకోమన్నారు. అంకెలు పెరిగేకొద్దీ పాప పెద్దదైంది, వాటిని తిరిగి అప్పజెప్పేకొద్దీ చిన్నదైంది.

అలసటకూ పాప సాక్ష్యం చెబుతుంది. ఒట్టో లోవెన్‌స్టైన్, ఐరీన్ లోవెన్‌ఫెల్డ్ మరొకరితో కలిసి 1963లో దీన్ని నమోదు చేశారు. మెలకువగా ఉన్నవాడి పాప చీకట్లో నిలకడగా ఉంటుంది. నిద్ర ముంచుకొస్తున్నవాడి పాప అలలు అలలుగా చిన్నదవుతూ, పెద్దదవుతూ ఉంటుంది.

ఇక మన ఒంట్లోని గడియారం సంగతి. చూపులేని ఎలుకల పాపలు కూడా వెలుతురుకు ముడుచుకుంటున్నాయని 1927లో క్లైడ్ కీలర్ ప్రకటించాడు. ఆ చిక్కుముడి విడిపోవడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. 1998లో మెలనాప్సిన్ అనే పదార్థం బయటపడింది. అది ఉన్న కంటి కణాలు తమంతట తామే వెలుతురును పసిగడతాయని 2002లో తేలింది. నిద్రనూ మెలకువనూ నడిపే మెదడులోని గడియారానికి రాత్రో పగలో తెలిపేది ముఖ్యంగా ఇవే. పాపకూ ఇవే కబురు పంపుతాయి. అందుకే నీలి దీపం ఆర్పాక పాప ఎంతసేపు ముడుచుకుని ఉంటుందో కొలిచి, ఈ కణాల పనితీరును అంచనా వేస్తున్నారు.

అయితే ఒక్క కొలతతో తీర్పు చెప్పరాదు. వయసు పెరిగితే పాప సహజంగానే చిన్నదవుతుంది. కంటి చుక్కలు, కొన్ని మందులు, గదిలో వెలుతురు కూడా లెక్కను మారుస్తాయి.

ఇక కారణం. నేను సెక్షన్ ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో, వరసగా అయిదో రాత్రి డ్యూటీలో ఉన్న ఒక సహోద్యోగి తెల్లవారుజామున కునుకు తీస్తూ నా కంటపడ్డారు. మెమో ఇచ్చాను. "కావాలని పడుకోలేదండీ, కళ్లు మూతలు పడ్డాయి" అని ఆయన రాసిచ్చారు. "సంజాయిషీ సంతృప్తికరంగా లేదు" అని నా చేత్తోనే రాశాను. ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది.

వరసగా అయిదు రాత్రులు వేసిన డ్యూటీ చార్టు మీద సంతకమూ నాదే. ఒంటికి తనదైన వేళ ఉంటుందని, దానితో పోట్లాడి ఎవరూ గెలవలేరని అప్పుడు నాకు తట్టలేదు.

ఆయన మన సంఘ సభ్యులే. ఈ సంచిక ఆయనకూ అందుతుంది. అయ్యా, ఇంతకాలానికి చెబుతున్నాను: మీ సంజాయిషీ సంతృప్తికరంగానే ఉంది.