యంత్రం అక్కడ, మనిషి ఇక్కడ

1940 సెప్టెంబరు 11న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో గణితవేత్తల సభ జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ అక్కడ ఒక టెలిటైప్ పెట్టించాడు. లెక్కలు చేసే రిలే యంత్రం మాత్రం న్యూయార్క్‌లోనే ఉంది. నడుమ టెలిఫోన్ తీగ. సభికులు సంకీర్ణ సంఖ్యల లెక్క కొడితే, జవాబు తిరిగొచ్చి కాగితం మీద అచ్చయ్యేది. నార్బర్ట్ వీనర్, జాన్ మాక్లీ కూడా ఆ మీటలు నొక్కి చూసినవారే.

ఆ యంత్రానికి గడువంటూ లేదు. జవాబు కాస్త ఆలస్యమైనా కొంప మునగదు. కారు బ్రేకు కంట్రోలరుతో అలా కుదరదు. టెస్ట్ బెంచ్ మీద దాన్ని పరీక్షించేటప్పుడు నిజమైన కారు ఉండదు. చక్రాల వేగం, రోడ్డు జారుడు ఒక సిమ్యులేటరు లెక్కగట్టి, అసలు సెన్సర్లు ఇచ్చే సిగ్నళ్ల లాగే కంట్రోలరుకు అందిస్తుంది. హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ అనేది దీన్నే. సాధారణంగా మిల్లీసెకనుకోసారి ఆ లెక్క తెమలాలి. తెమలకపోతే పరీక్ష చెడినట్టే.

ఆ లెక్కను దూరం నుంచి చేసి పంపుదామంటే కుదరదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి మ్యూనిక్ దాదాపు 6,900 కిలోమీటర్లు. ఫైబర్ సూటిగా పరిచినా పోయి రావడానికే 70 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పోసినా ఈ లెక్క మారదు. అందుకే దూరం నుంచి యంత్రాలు నడిపేవారు చివరికి ఒకే దారికి వచ్చారు: గడువున్న పనిని యంత్రం పక్కనే ఉంచి, మనిషి తీరిగ్గా చేయదగ్గ పనిని దూరానికి తీసుకుపోవడం.

ఈ సంగతి మార్స్ పాత్‌ఫైండర్ విషయంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన ఆ నౌక, కొద్ది రోజులకే ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలుపెట్టింది. లోపల నడిచేది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. నౌకలోని డేటా బస్ సెకనుకు ఎనిమిది సార్లు తన చుట్టు పూర్తి చేయాలి. భూమి నుంచి సంకేతం చేరడానికేమో పది నిమిషాలకు పైనే పట్టేది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీర్లు తమ దగ్గరున్న నకలు నౌక మీద, ఏ పని ఎప్పుడు జరిగిందో నమోదు చేసే ట్రేసింగ్ పెట్టి, గంటల తరబడి అవే పనులు మళ్లీ మళ్లీ నడిపించారు. తెల్లవారుజామున, అందరూ ఇళ్లకు వెళ్లి ఒక్క ఇంజినీరే మిగిలిన వేళ, ల్యాబ్‌లోని యంత్రం రీసెట్ అయింది. ట్రేస్ తిరగేస్తే గుట్టు తెలిసింది. వాతావరణ సమాచారం సేకరించే, ప్రాధాన్యం తక్కువున్న ఒక టాస్క్ తాళం పట్టుకుని ఉండగానే, దానికన్నా ఎక్కువ ప్రాధాన్యమున్న టాస్క్‌లు ప్రాసెసరును లాక్కుంటున్నాయి. ఆ తాళం కోసం ఎంతో ముఖ్యమైన బస్ టాస్క్ పడిగాపులు పడుతోంది. గడువు దాటగానే నౌక తనంతట తానే రీసెట్ అవుతోంది. ఒక్క సెట్టింగును ఆన్ చేసే ప్యాచ్ అంగారకుడికి వెళ్లింది. రీసెట్లు ఆగిపోయాయి.

భూమ్మీది చాలా ల్యాబులు అప్పటికి ఇంత దూరం ఆలోచించలేదు. హ్యూలెట్ ప్యాకార్డ్ రూపొందించగా 1975లో ఐట్రిపుల్ఈ 488 ప్రమాణమైన, కొలత పరికరాలను కంప్యూటరుకు కలిపే బస్‌కు కేబులు మొత్తం 20 మీటర్లు, పరికరాలు 15. హద్దు అక్కడికే. పక్క గది నుంచి ఆసిలోస్కోపును నడపగలిగితే అదే గొప్ప. 2004లో ఏర్పడిన ఎల్ఎక్స్ఐ కన్సార్షియం ఈథర్‌నెట్ దారిని అందరికీ ప్రమాణం చేయబూనడంతో ఆ హద్దు చెరిగిపోయి, మరో చిక్కు మొదలైంది. ఇలాంటి పరికరాలు చాలావరకు 5025 పోర్టు మీద మామూలు అక్షరాల్లో ఆజ్ఞలు వింటాయి, పాస్‌వర్డ్ అడగవు. ఎవరు రీసెట్ ఆజ్ఞ పంపినా సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. వాటిని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించడం ప్రమాదం.

ఆ ప్రమాదానికి అడ్డంగా కంచె కట్టింది వీపీఎన్, అంటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్. ఐపీసెక్ తొలి ప్రమాణాలు 1995లో వచ్చాయి. 2001లో వచ్చిన ఓపెన్‌వీపీఎన్ పుట్టుక మరీ ఆసక్తికరం. జేమ్స్ యోనన్ మధ్య ఆసియాలో తిరుగుతూ, నమ్మకం లేని నెట్‌వర్కుల మీదుగా ఆఫీసుతో కనెక్ట్ కావలసి వచ్చింది. ఆ భయంతోనే దాన్ని రాయడానికి పూనుకున్నాడు. అది ఈథర్‌నెట్ ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టు మోయగలదు గనుక, దూరపు పరికరం కూడా ఒకే ల్యాబ్‌లో ఉన్నట్టే ల్యాప్‌టాప్‌కు దొరుకుతుంది.

కోవిడ్ రావడంతో 2020 మార్చి ఈ ఏర్పాట్లన్నిటికీ పరీక్ష పెట్టింది. 13న మన టెలికాం శాఖ, ఇంటి నుంచి పని మీద ఐటీ, బీపీఓ సంస్థలకున్న ఆంక్షలను సడలించింది. 20న అంగారకుడి మీది క్యూరియాసిటీ రోవర్‌ను నడిపే బృందం మొదటిసారి అందరూ ఇళ్లలోనే ఉండి పని నడిపింది. ల్యాబ్‌లోని ప్రత్యేక గాగుల్స్ వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లకు పనికిరాకపోవడంతో, ఎరుపు నీలం అద్దాలు పెట్టుకుని రాళ్ల ఎత్తుపల్లాలు చూశారు. 25న దేశమంతా లాక్‌డౌన్.

బెంచ్‌ల మీద పనిచేసే ఇంజినీర్లకు అసలు లోటు అప్పుడే తెలిసొచ్చింది. ఆజ్ఞలు వీపీఎన్ మీదుగా వెళ్తాయి సరే, బోర్డు బిగుసుకుపోతే పవర్ తీసి పెట్టేదెవరు? చేత్తో చేసే ప్రతి చిన్న పనికీ ఒక రిలే, నెట్‌వర్క్ నుంచి నడిచే పవర్ స్విచ్, ఎల్ఈడీలు కనిపించేలా ఒక వెబ్‌క్యామ్ కావలసి వచ్చాయి. కనెక్షన్ తెగితే ఏం చేయాలో కూడా బెంచ్ పక్కనున్న కంప్యూటరుకే నేర్పాలి: దూరం నుంచి సంకేతం ఆగిపోతే మోటారు వేగం తగ్గించి కరెంటు ఆపేయాలి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మాత్రం నెట్‌వర్క్‌కు వదలరు. దాని వైరు నేరుగా పవర్ కాంటాక్టరుకే వెళ్తుంది. మోటార్లు, అధిక వోల్టేజి ఉన్న పరీక్షలకు ఆ బటన్ అందుబాటులో ఒక మనిషిని ల్యాబ్‌లో ఉంచడం ఇప్పటికీ మంచి పద్ధతే.